మాత్ర మరువకుండుటకు మొబైలు ఫోను – పంచాయతీలు చేయదగిన పని

2021వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన వికారాబాదులో ఒక క్రొత్త ప్రయోగము ప్రారంభమైనది. డ్రోనులను చిన్న విమానములు టీకాలను, మందులను మోసికొని ఆకాశమార్గమున ఎగిరినవి. దారి సరిగా లేని పల్లెలకు సైతము మందు సకాలమున అందవలెనను ఆశయముతో జరిగిన ఈ ప్రయత్నము మన జిల్లాకు గర్వకారణమే. అయినను మందు ప్రయాణము ఆరోగ్య కేంద్రముతో ముగియదు. అచ్చటినుండి ఇంటి గూటికి, గూటినుండి నోటికి అది ప్రతిదినము చేరవలెను. ఈ చివరి జానెడు దూరమే అన్నిటికంటె కష్టమైనదని రక్తపుపోటు విషయమున తెలియుచున్నది.

ప్రజలు బీపీ అని పిలుచు ఈ జబ్బుకు నొప్పి లేదు. జ్వరము వచ్చినవాడు మందు అడుగును. పంటినొప్పి పుట్టినవాడు వైద్యునికొరకు పరుగెత్తును. రక్తపుపోటు గలవాడు మాత్రము ఏ బాధయు లేక చేనికి పోయి వచ్చుచుండును. పలుమార్లు కొలిచినపుడు పోటు 140 పైన గాని, క్రింది అంకె 90 పైన గాని ఉన్నచో చికిత్స అవసరమని వైద్యులు చెప్పుదురు. మన దేశమున సుమారు 22 కోట్లమంది పెద్దలకు ఈ జబ్బు గలదని అంచనా. వారిలో నూటికి పన్నెండుగురికి మాత్రమే అది అదుపులో నున్నది.

అదుపు తప్పిన పోటు గుండెను, మూత్రపిండములను, మెదడును మెల్లమెల్లగా దెబ్బతీయును. ఒకనాడు ఇంటి పెద్ద పక్షవాతముతో మంచము పట్టును. అప్పుడు ఎకరము పొలము అమ్మినను పడిపోయిన చేయి తిరిగి లేచునన్న నమ్మకము లేదు. దీనిని తప్పించుటకు కావలసినది చాలమందికి దినమున కొకటి రెండు మాత్రలే. ఆ మాత్రలను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా ఇచ్చుచున్నారు.

మరి మానివేయుట ఎందుకు? తాండూరు ప్రాంతమున కంది కోతల కాలమున, నాపరాతి గనుల పనిలో, తెల్లవారకముందే ఇల్లు విడుచువారు కలరు. తొందరలో మాత్ర మరచుట సహజము. కొందరు తెచ్చుకొన్న మాత్రలు అయిపోయిన పిమ్మట మరల పోరు. కొందరు ఒంట్లో బాగున్నదని మానుదురు. బాగున్నది మాత్ర వలననే అని వారికి తెలియదు. మరికొందరు “మందుకు అలవాటు పడుదుము” అని భయపడుదురు. ఈ మాత్రలు మత్తుపదార్థములు కావు. నిజమునకు మనకు కావలసినది ఆ అలవాటే: పండ్లు తోముకొనునట్లు, దీపము పెట్టునట్లు, దినదినము తప్పని అలవాటు.

ఈ అలవాటుకు మొబైలు ఫోను మూడు విధముల తోడ్పడగలదు. మొదటిది అలారము. చిన్న మీటల ఫోనులో సైతము ఇది కలదు. రెండవది ఆరోగ్య కేంద్రమునుండి వచ్చు సందేశము లేక పిలుపు. చదువురాని వారికి వ్రాత సందేశముకన్న తెలుగులో వినవచ్చు మాట మేలు. మూడవది రోగియే చేయు పిలుపు. దీనికి క్షయ చికిత్సయే ఉదాహరణము. అనంతగిరి కొండలమీది క్షయ చికిత్సాలయము మనకందరకు తెలిసినదే. ఒకప్పుడు రోగులు నెలల తరబడి అట్టిచోట్ల ఉండవలసివచ్చెడిది. పిదప ఇంటివద్దనే మందులు వాడు పద్ధతి వచ్చినది. ‘99 డాట్స్’ అను ఏర్పాటులో మాత్రల అట్టను ఒక కవరులో ఉంచిరి. మాత్రను నొక్కి తీసినపుడు దాని వెనుక దాగిన ఫోను నంబరు కనబడును. రోగి ఖర్చు లేకుండ ఆ నంబరును పిలిచినచో, ఆనాటి మాత్ర తీసికొన్నట్లు లెక్కలో చేరును. పిలుపు రానిచో ఆరోగ్య కార్యకర్త విచారించును.

రక్తపుపోటు విషయమున 2017 నవంబరులో భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. మొదట చేరిన అయిదు రాష్ట్రములలో తెలంగాణ ఒకటి. ఈ కార్యక్రమమున పంజాబు, మహారాష్ట్రలలో ‘సింపుల్’ అను యాప్ వాడుకలోనికి వచ్చినది. గడువు దాటినను మందులకు రాని వారి జాబితాను అది నర్సుకు చూపును. నర్సు వారికి ఫోను చేయును. గొప్ప యంత్రము కాదు, సమయమునకు చేసిన ఒక పలకరింపు మాత్రమే.

అయితే యంత్రమొక్కటే చాలదని కూడ గ్రహింపవలెను. నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తలకు, వైద్యులకు ట్యాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చి ఒక పరిశీలన జరిపిరి. దాని ఫలితములు 2019లో ప్రకటింపబడినవి. ముప్పుగలవారు ఎందరో గుర్తింపబడిరి. కాని పోటు అదుపునకు వచ్చినవారి పాలు చెప్పుకొనదగినంతగా పెరుగలేదు. మోగిన ఫోను ముందర మాత్ర లేనిచో మోత వలన ఫలమేమి? ఫోను జ్ఞాపకము చేయును. మందు ఉంచవలసినది, మనిషిని అడుగవలసినది మనమే.

కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులు చేపట్టవలెనని మేము కోరుచున్నాము.

ఒకటి, 30 ఏండ్లు దాటిన ప్రతివారికి పోటు కొలిపించునట్లు ఆశా, ఏ.ఎన్.ఎం.లతో కలిసి తేదీలు నిర్ణయించి దండోరా వేయించవలెను.

రెండు, ఉపకేంద్రమున నెల తిరుగకముందే మందు నిలువ ఎంత ఉన్నదో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీలో విచారింపవలెను. కొరత ఉన్నచో వెంటనే పై అధికారులకు వ్రాయవలెను.

మూడు, ప్రతి రోగి ఇంట అలారము పెట్టించవలెను. ఆ వేళ రోగికి ముందే ఉన్న అలవాటుతో కలియవలెను. ఉదయపు టీతో గాని, రాత్రి భోజనముతో గాని జతపరచినచో, కొన్నాళ్లకు అలారము లేకున్నను చేయి మాత్రవైపు పోవును.

నాలుగు, ఫోను కుమారునిదై అతడు నగరమునకు పనికి పోయిన ఇండ్లు కలవు. అట్టి వృద్ధులకు, ఫోను లేని స్త్రీలకు ఇరుగుపొరుగున ఒకరిని గుర్తుచేయు బాధ్యుని చేయవలెను.

ఐదు, ఎవరికి ఏ జబ్బు ఉన్నదో చావడిలో చదువరాదు. ఆ జాబితా ఆరోగ్య కార్యకర్త వద్దనే ఉండవలెను.

ఒక్క హెచ్చరిక. ఒకనాడు మాత్ర మరచినచో మరునాడు రెండు కలిపి వేసికొనరాదు. పోటు తగ్గినదని వైద్యుని అడుగక మానరాదు. ఉప్పు తగ్గించుట, పొగాకు మానుట మాత్రతోపాటు సాగవలెను.

డ్రోను ఎగురుట చూచుటకు జనము గుమికూడుదురు. గూటిలోని మాత్రను ఒక వృద్ధుడు తప్పక తీసికొనుట ఎవరును చూడరు. అయినను గ్రామమును కాపాడునది ఆ రెండవ దృశ్యమే. రాబోవు గ్రామసభలో మన ఊరిలో ఈ నెల మందులకు రానివారు ఎందరని లెక్క అడుగుడు. అదియే తొలి అడుగు.