ఫోనుకీ, కంప్యూటర్‌కీ గడియ పెట్టారా?

రాత్రి పడుకోబోయే ముందు వీధి తలుపు గడియ పడిందో లేదో, గ్యాస్ కట్టేశామో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోవడం ప్రతి ఇల్లాలికీ అలవాటే. మరి ఇంట్లోని కంప్యూటర్‌కీ, చేతిలోని ఫోనుకీ గడియ ఎవరు వేస్తారు? "అదంతా పిల్లలు చూసుకుంటార్లే" అనుకుంటే పొరపాటే!

ముత్తుకూరునే తీసుకోండి. పక్కనే కృష్ణపట్నం ఓడరేవు, చుట్టూ రొయ్యల గుంటలు, ఊళ్ళో మత్స్య కళాశాల. మేత లెక్కలు, పిల్లల కాలేజీ దరఖాస్తులు, కరెంటు బిల్లు... అన్నీ ఇప్పుడు ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉంటాయి. 1992లో సారాపై పోరాడి గెలిచిన ఆడవాళ్ళ జిల్లా మనది. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచుకుందామని 'పొదుపు లక్ష్మి' మొదలైందీ ఇక్కడే. అలా రూపాయి రూపాయి కూడబెట్టుకున్న డబ్బు ఇవాళ బ్యాంకులో ఉంటే, దాని తాళంచెవి ఫోనులో ఉంది. దొంగ కన్ను ఆ తాళంచెవి మీదే!

స్పామ్ అంటే ఏమిటి?

మనం అడక్కుండా వచ్చిపడే ఈ-మెయిళ్ళని 'స్పామ్' అంటారు. నిజానికి స్పామ్ అన్నది వంటింటి వస్తువే! 1937 నుంచి అమెరికాలో అమ్ముతున్న డబ్బా మాంసం పేరది. 1970లో బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమం ఒకదాంట్లో, హోటల్లో ఏం అడిగినా అందులో ఈ స్పామే ఉంటుంది. వద్దన్నా వడ్డించేది కాబట్టి పిలవని ఉత్తరాలకి ఆ పేరు అంటుకుంది. పేరు రాకముందే, 1978లో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. మొదటి స్పామ్ అదేనని చెబుతారు.

స్పామ్ అంతా ప్రమాదం కాదు. చాలావరకు ఉత్త చెత్త. కానీ చెత్తలోనే తేలు దాక్కుంటుంది కదూ!

శుభలేఖ వేషంలో...

ఈమధ్య ఎక్కువగా జరుగుతున్న మోసం ఇది. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అనో, బండి చలానా అనో, పీఎం కిసాన్ డబ్బులనో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. అది శుభలేఖా కాదు, ఫొటో కాదు. ఫోనులోకి ఎక్కే ఒక ప్రోగ్రాం! నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేశామా, మనకొచ్చే మెసేజీలన్నీ వాళ్ళు చదివేస్తారు. బ్యాంకు పంపే ఓటీపీ కూడా మనకంటే ముందు వాళ్ళకే చేరుతుంది. తెలిసినవాళ్ళ నంబరు నుంచి వచ్చినా నమ్మడానికి లేదు. వాళ్ళ ఫోను అప్పటికే దొంగల చేతిలో పడి ఉండొచ్చు. ఒక్కసారి ఫోన్ చేసి, "వదినా, నువ్వేనా పంపింది?" అని అడగడంలో తప్పేం లేదు.

ఇలా చెయ్యండి

* యాప్‌లు ప్లే స్టోర్ నుంచే తీసుకోండి. సెట్టింగ్స్‌లో 'తెలియని యాప్‌ల'కి ఇచ్చిన అనుమతి తీసేయండి.

* తెలియనివాళ్ళ మెయిల్‌కి జవాబివ్వొద్దు. అందులో 'ఇక పంపొద్దు' అనే లింకు కూడా నొక్కొద్దు. ఈ చిరునామాలో మనిషి ఉన్నారని వాళ్ళకి తెలిసిపోతుంది. 'రిపోర్ట్ స్పామ్' నొక్కితే చాలు.

* దుకాణాలకీ, లక్కీ డ్రాలకీ వేరే మెయిల్ చిరునామా పెట్టుకోండి. బ్యాంకుకి ఇచ్చినది అందరికీ పంచొద్దు.

* మెయిల్‌కి రెండంచెల తాళం, అంటే 'టూ స్టెప్ వెరిఫికేషన్' పెట్టించండి.

* రిజర్వు బ్యాంకు ఆదేశంతో బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకి మార్చాల్సి వచ్చింది. వేరే చివర కనిపిస్తే అనుమానించండి.

* ఇంట్లో కంప్యూటర్ విండోస్ 10దైతే, దానికి ఉచితంగా ఇచ్చే మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి మారే వీలుందేమో పిల్లలతో చూపించండి. విండోస్‌తోపాటే వచ్చే 'డిఫెండర్' ఆపేసి ఉంటే మళ్ళీ పెట్టించండి.

* ఫొటోలు, లెక్కలు నెలకోసారి వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని విడిగా బీరువాలో పెట్టండి. కంప్యూటర్ పాడైనా అవి భద్రం.

* ప్రచార కాల్స్, మెసేజీలు విసిగిస్తుంటే 1909కి ఫోన్ చేసి వద్దని నమోదు చేయించుకోవచ్చు.

ఏదైనా జరిగితే?

కంగారు పడొద్దు, దాచొద్దు కూడా. మొదట వైఫై, మొబైల్ డేటా ఆపేయండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే పట్టుకునే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత అనుమానమున్న యాప్ తీసేసి, వేరే ఫోను నుంచే పాస్‌వర్డులు మార్చండి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'సైబర్ స్వచ్ఛతా కేంద్రం' ఫోనునీ కంప్యూటర్‌నీ శుభ్రం చేసే సాధనాలు ఉచితంగా ఇస్తోంది.

చాలామంది ఆడవాళ్ళు "ఇంట్లో తిడతారేమో" అని రెండు మూడు రోజులు నోరు విప్పరు. దొంగకి కావలసింది ఆ రెండు రోజులే! మోసం చేసినవాడిది నేరం, మోసపోయినవాళ్ళది కాదు. ఈ సంగతి మీ అత్తగారికీ, పొదుపు గుంపులో అక్కచెల్లెళ్ళకీ కూడా చెప్పండి. దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగి లాభమేముంది?