నూట ఎనిమిది బంతుల ఓపిక

గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ నిదానంగా ఆడి ప్రపంచకప్ చేతికి తెచ్చాడు. ఆ నిదానానికి వేలంపాటలో పలికిన ధర ఎంత?

'మిర్చి కుర్రాడు' అని శీర్షిక ముందే ఖాయం చేసి మరీ ఎడిటర్ గారు ఈ పని అప్పజెప్పారు. గుంటూరు నుంచి ఎవరు పైకొచ్చినా పేరు ముందు మిరపకాయ తగిలించడం మనకు అలవాటే. సినిమావాళ్లకు తగిలించాం, నాయకులకు తగిలించాం, క్రికెటర్‌ని మాత్రం ఎందుకు వదులుతాం? బుధవారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి కాబట్టి దగ్గరి దారి కూడా ఉంది. తండ్రి త్యాగం, కొడుకు పట్టుదల, ధోనీ పక్కన ఒక ఫొటో. మూడూ కలిపితే కథనం అయిపోతుంది. 2022 నుంచి అలాంటివి చాలానే వచ్చాయి. కొడుకును ప్రాక్టీసుకు తిప్పడం కోసం తండ్రి ఉద్యోగం కూడా పోగొట్టుకున్న సంగతి గుంటూరులో చదవనివారు అరుదు. అది నిజం, మెచ్చుకోవలసిందే. అయితే ఆ కథలన్నీ చదివాక కూడా, రషీద్ బ్యాట్ పట్టుకుని ఏం చేస్తాడో మాత్రం తెలియదు.

తెలియాలంటే స్కోర్‌కార్డు తెరవాలి. ఒక్కటి చాలు. 2022 ఫిబ్రవరి 2, ఆంటిగ్వాలోని కూలిడ్జ్ మైదానం, అండర్-19 ప్రపంచకప్ సెమీఫైనల్, ఎదుట ఆస్ట్రేలియా. అందులో వైస్ కెప్టెన్ రషీద్ పేరు పక్కన ఉన్నవి నాలుగే అంకెలు: 94 పరుగులు, 108 బంతులు, 8 ఫోర్లు, 1 సిక్సర్. ఈ కథనానికి ఆ వరుసే ఆధారం.

అంకెల లోపల

ముందు ఒక చిన్న లెక్క. ఎనిమిది ఫోర్లు, ఒక సిక్సర్ కలిపితే 38. తొంభై నాలుగులోంచి తీసేస్తే 56. అంటే సగానికి పైగా పరుగులు కాళ్లతో సంపాదించినవి. బౌండరీకి పోని 99 బంతుల్లోంచి ఒకటీ రెండుగా ఏరుకున్నవి.

ఆ ఏరుకోవడం ఏ పరిస్థితిలో జరిగిందన్నది అసలు సంగతి. ఓపెనర్ అంగ్‌క్రిష్ రఘువంశీ 6 పరుగులకే వెళ్లిపోయాడు. మరో ఓపెనర్ హర్నూర్ సింగ్ 16 దగ్గర ఆగాడు. పదమూడో ఓవర్లో స్కోరు 37, పోయినవి రెండు వికెట్లు. క్రీజులో మిగిలింది కెప్టెన్ యశ్ ధుల్, వైస్ కెప్టెన్ రషీద్. ఇద్దరూ అదే టోర్నీలో కొవిడ్ సోకి రెండు లీగ్ మ్యాచ్‌లు గదిలో కూర్చున్నవాళ్లు. ఐర్లాండ్‌తో మ్యాచ్ నాటికి ఆరుగురు పక్కకు తప్పుకోవడంతో పదకొండు మందిని దింపడానికే జట్టు కిందామీదా పడింది. క్వార్టర్ ఫైనల్లో బంగ్లాదేశ్ మీద తిరిగొచ్చిన రషీద్ 26 పరుగులు చేశాడు. నాలుగు రోజుల తర్వాత ఈ సెమీఫైనల్.

పదమూడో ఓవర్ నుంచి నలభై ఆరో ఓవర్ దాకా ఇంకో వికెట్ పడలేదు. ఇద్దరూ కలిసి 204 పరుగులు జోడించారు. ధుల్ 110 బంతుల్లో 110 కొట్టాడు. రషీద్ అతనికంటే ఒక అడుగు వెనకే ఉన్నాడు. టీవీ చూసినవాళ్లకు ధుల్ సెంచరీ గుర్తుంటుంది, ఉండాలి కూడా. కానీ అవతలి ఎండ్‌లో వికెట్ పడదన్న ధీమా లేకపోతే ఏ కెప్టెనూ అలా చేయి చాచి ఆడలేడు. క్రికెట్ మాటల్లో చెప్పాలంటే రషీద్ ఒక ఎండ్ పట్టుకున్నాడు.

ఆ భాగస్వామ్యం ముగిసిన తీరు ఇంకా చిత్రం. 46వ ఓవర్లో ఆస్ట్రేలియా బౌలర్ నిస్బెట్ వేసిన బంతిని రషీద్ నేరుగా డ్రైవ్ చేశాడు. బంతి బౌలర్ చేతికి తగిలి నాన్‌స్ట్రైకర్ వైపు వికెట్లకు కొట్టుకుంది. అప్పటికే క్రీజు వదిలి ముందుకొచ్చిన ధుల్ రనౌట్. తన బ్యాట్ నుంచి వెళ్లిన బంతికే తోడున్నవాడు వెనుదిరిగాడు. ఆ తర్వాతి బంతికే రషీద్ కూడా ఔట్, సిన్‌ఫీల్డ్ చేతికి క్యాచ్. 241 దగ్గర మూడో వికెట్, 241 దగ్గరే నాలుగో వికెట్. సెంచరీకి ఆరు పరుగులు తక్కువ. స్కోర్‌కార్డులో పక్కపక్కనే ఉన్న ఆ రెండు 241లను చూస్తే, ఆ కుర్రాడి మనసు ఆ ఒక్క నిమిషం ఎటు పోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వాళ్లు వేసిన పునాది మీద చివర్లో దినేశ్ బానా నాలుగు బంతుల్లో 20 బాదాడు. ఆఖరి ఓవర్లోనే 27 పరుగులొచ్చాయి. భారత్ 290. ఆస్ట్రేలియా 194కే ఆలౌట్. 96 పరుగుల గెలుపు.

ఇక్కడే ఇంకో కాగితం పక్కన పెట్టి చూడాలి. దానికి నెల రోజుల ముందు, 2021 డిసెంబర్ 30న షార్జాలో అండర్-19 ఆసియా కప్ సెమీఫైనల్. బంగ్లాదేశ్ మీద రషీద్ 90 నాటౌట్. ఆడిన బంతులు? మళ్లీ 108. రెండు దేశాలు, రెండు సెమీఫైనళ్లు, నాలుగు పరుగుల తేడా. బంతుల లెక్క మాత్రం మారలేదు. కాకతాళీయమే అనుకోండి. అయినా ఆ రెండు వరుసలూ కలిసి చెప్పేది ఒకటే: ఈ కుర్రాడు ఇన్నింగ్స్ కట్టే రకం.

ఫిబ్రవరి 5న ఇంగ్లండ్‌తో ఫైనల్లోనూ అదే. లక్ష్యం 190. తొలి ఓవర్లోనే వికెట్ పడితే వచ్చి, 84 బంతులాడి 50 చేశాడు. 84 బంతులకు యాభై అంటే ఇవాళ్టి కుర్రకారు నవ్వుతారు. కానీ అతను వెళ్లిపోయాక కాసేపట్లోనే భారత్ 97 పరుగులకు నాలుగు వికెట్లు కోల్పోయిందని గుర్తుంచుకుంటే ఆ నవ్వు రాదు. నిశాంత్ సింధు అర్ధసెంచరీ, అయిదు వికెట్లు తీసిన రాజ్ బావా 35 పరుగులు, చివర్లో బానా సిక్సర్లు. నాలుగు వికెట్ల తేడాతో అయిదో కప్పు. టోర్నీలో రషీద్ ఆడింది నాలుగు మ్యాచ్‌లు, చేసింది 201 పరుగులు.

బాక్సు: నాలుగు రోజుల తేడా

కప్పు గెలిచిన వారానికే, 2022 ఫిబ్రవరి 12, 13 తేదీల్లో బెంగళూరులో ఐపీఎల్ మెగా వేలం జరిగింది. రాజ్ బావాకు 2 కోట్లు, రాజ్‌వర్ధన్ హంగర్గేకర్‌కు కోటిన్నర, ధుల్‌కు 50 లక్షలు పలికాయి. రషీద్‌తో పాటు మరికొందరికి మాత్రం అర్హతే లేకపోయింది. 19 ఏళ్లు నిండాలి, లేదా ఒక్క ఫస్ట్ క్లాస్ మ్యాచో లిస్ట్-ఏ మ్యాచో ఆడి ఉండాలన్నది నిబంధన. రషీద్‌కు అప్పటికి పదిహేడు దాటి నాలుగు నెలలు. జనవరిలో మొదలు కావలసిన రంజీ ట్రోఫీ కొవిడ్ వల్ల వాయిదా పడి ఫిబ్రవరి 17న మొదలైంది. వేలం ముగిసిన నాలుగు రోజులకు! ఆ నెలలోనే ఆంధ్ర తరఫున అతను ఫస్ట్ క్లాస్ క్రికెట్లో అడుగుపెట్టాడు.

ధర, దాని వెనక కథ

బహుమతులకు కొదవ లేదు. బీసీసీఐ జట్టులో ఒక్కొక్కరికి 40 లక్షలు ప్రకటించింది. రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షల నగదు, గుంటూరులో ఇంటి స్థలం, డిగ్రీ పూర్తయ్యాక ఎస్సై ఉద్యోగం ఇస్తామంది. ఆ చలికాలం మన జిల్లాల్లో తామర పురుగు మిరప తోటల్ని మాడ్చేసిన కాలం. పల్నాడులో, ప్రకాశంలో పెట్టుబడి కూడా రాక రైతులు తోటలు పీకేస్తున్న రోజుల్లో, సంతోషించడానికి దొరికిన వార్త ఇదొక్కటే.

2022 డిసెంబర్ 23న కొచ్చిలో జరిగిన వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ అతన్ని కనీస ధర 20 లక్షలకు తీసుకుంది. 2023లో ఆ జట్టు కప్పు గెలిచింది. రషీద్ ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2024లోనూ అంతే. మిర్చి యార్డు తెలిసినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు: రంగూ రుచీ ఉన్న సరుకే అయినా, అడిగేవాడు లేనప్పుడు టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీకి చేరతాయి. అక్కడ అద్దె పెరుగుతుంది, సరుకు వయసు కూడా పెరుగుతుంది.

ఆ రెండేళ్లలో అతను ఖాళీగా కూర్చోలేదు. ఆంధ్రకు ఆడుతూనే ఉన్నాడు. 2024 నవంబర్లో రంజీలో హైదరాబాద్ మీద 203 పరుగులు. ఫస్ట్ క్లాస్‌లో డబుల్ సెంచరీ, అదీ పక్క రాష్ట్రం మీద! అదే నెల 24, 25 తేదీల్లో జెడ్డాలో మెగా వేలం. మళ్లీ చెన్నైయే కొన్నది, మళ్లీ కనీస ధరకే: 30 లక్షలు. డబుల్ సెంచరీకి ఒక్క రూపాయి అదనం పలకలేదు.

బాక్సు: జర్మనీలో ఇంకో 2004 కుర్రాడు

రషీద్ పుట్టింది 2004 సెప్టెంబర్ 24న. రెండు నెలలైనా తిరక్కముందే, నవంబర్ 20న కామెరూన్ రాజధాని యావుండేలో యూసుఫా మౌకోకో పుట్టాడు. జర్మనీలో పెరిగి డార్ట్‌మండ్ క్లబ్‌లో గోల్స్ వర్షం కురిపించాడు. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ బుందెస్‌లీగాలో ఆడటానికి కనీస వయసు అప్పట్లో పదహారున్నర. 2020లో దాన్ని పదహారుకు తగ్గించారు. పదహారు నిండిన మర్నాడే మౌకోకో మైదానంలో దిగి లీగ్ చరిత్రలో అతి చిన్నవాడయ్యాడు. పద్దెనిమిదేళ్లకే ఖతర్ ప్రపంచకప్ ఆడాడు. తర్వాత డార్ట్‌మండ్ అతన్ని ఫ్రాన్స్‌లోని నీస్‌కు అరువిచ్చి, 2025లో కోపెన్‌హాగన్‌కు అమ్మేసింది. ఒకరికి వయసు నిబంధన తలుపు తీసింది, ఇంకొకరికి తలుపు వేసింది. ఇరవై దాటేసరికి ఇద్దరూ తమ చోటు వెతుక్కునే పనిలోనే పడ్డారు.

పందొమ్మిది బంతులు

2025 ఏప్రిల్ 14, లక్నో. వరుసగా అయిదు ఓడిన చెన్నై, ఓపెనర్ కాన్వేను పక్కనపెట్టి రషీద్‌ను ఆ చోట దింపింది. కెప్టెన్ ధోనీ. రషీద్ వయసు 20 ఏళ్ల 202 రోజులు, అప్పటికి చెన్నై ఓపెనర్లలో అందరికంటే చిన్న. 19 బంతుల్లో 27, అందులో ఆరు ఫోర్లు. రచిన్ రవీంద్రతో కలిసి 52 పరుగుల ఆరంభం ఇచ్చాడు. మ్యాచ్ చెన్నైదే.

ఇప్పుడు కూలిడ్జ్ లెక్కను ఇక్కడ పెట్టి చూడండి. ఆరు ఫోర్లంటే 24. మిగిలిన 13 బంతుల్లో పరిగెత్తి తీసినవి మూడే. కూలిడ్జ్‌లో సగానికి పైగా పరుగులు కాళ్లతో తీసినవాడు లక్నోలో దాదాపు అన్నీ బౌండరీ దాటించాడు. తప్పు కుర్రాడిది కాదు. పవర్‌ప్లేలో ఓపెనర్‌ను అడిగేది అదే. తనకు సహజమైన పనిని ఇంటి దగ్గర వదిలి, అడిగిన పని చేశాడు.

తర్వాత ముంబైలో 19. ఏప్రిల్ 25న చెపాక్‌లో హైదరాబాద్‌తో మ్యాచ్, షమీ వేసిన తొలి బంతికే ఔట్. ఆ రోజు అవతలి ఎండ్‌లో ఉన్న ఓపెనర్ పదిహేడేళ్ల ఆయుష్ మాత్రే. అతి చిన్న ఓపెనర్ అన్న పేరు రషీద్ దగ్గర పదకొండు రోజులే ఉంది. మొత్తం అయిదు మ్యాచ్‌లు, 71 పరుగులు. చెన్నై పట్టికలో అట్టడుగున నిలిచింది.

2025 అక్టోబర్లో కొత్త రంజీ సీజన్ మొదలవగానే ఉత్తరప్రదేశ్ మీద 136 కొట్టాడు. నవంబర్లో చెన్నై వదులుకున్న ఆటగాళ్ల జాబితాలో అతని పేరుంది.

బాక్సు: మన గడ్డ మీంచి

ఆంధ్ర జట్టు రంజీలో తొలిసారి ఆడింది 1953-54లో, రాష్ట్రం ఏర్పడిన ఏడాదే. కెప్టెన్ సి.కె. నాయుడు. గుంటూరు వైపు నుంచి మేడికొండూరులో పుట్టిన ఎమ్మెస్కే ప్రసాద్ ఆరు టెస్టులాడి, తర్వాత సెలక్షన్ కమిటీకి అధ్యక్షుడయ్యాడు. గుంటూరులోనే పుట్టిన అంబటి రాయుడు 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత కెప్టెన్. రాయుడు చెన్నైతో కప్పు గెలిచి ఐపీఎల్‌కు సెలవు చెప్పిన 2023లో రషీద్ అదే జట్టులో ఉన్నాడు. ఆంధ్రకు మాత్రం రంజీ ట్రోఫీ ఇంకా అందలేదు.

అడగవలసిన ప్రశ్న

నాకు నాలుగు రోజుల క్రికెట్ అంటే పక్షపాతం ఉంది, దాచుకోను. ఇరవై ఓవర్ల ఆటను తక్కువ చేయాలనీ లేదు. దాన్లో డబ్బుంది, దిగువ మధ్యతరగతి ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి ఆ డబ్బు అవసరం. కానీ ఒక కుర్రాడి విలువను మనం కూడా ఫ్రాంచైజీల కళ్లతోనే చూడటం మొదలుపెట్టాం. 27 కొట్టిన రాత్రి వాట్సాప్ స్టేటస్‌లు నిండిపోయాయి. 203 కొట్టిన రోజు ఎంతమంది పెట్టారు?

ఇరవై ఒక్కేళ్లకే అతని ఖాతాలో ఒక ప్రపంచకప్, ఒక డబుల్ సెంచరీ, మోయలేనంత ప్రచారం, మోసినంత నిరాశ ఉన్నాయి. రంజీ ట్రోఫీ గెలవని జట్టుకు కావలసింది మూడో నంబరులో దిగి రోజంతా నిలబడేవాడు. అలాంటివాడు మన దగ్గరే ఉన్నాడు. కాబట్టి ఈసారి రషీద్ పేరు పత్రికలో కనిపిస్తే ఎంతకు కొన్నారని అడిగే ముందు, ఎన్ని బంతులు ఆడాడో చూడండి. నూట ఎనిమిది దాటి ఉంటే, ఆంధ్ర ఆ రోజు మ్యాచ్‌లో ఉన్నట్టే.