ఊహాజట్టులో ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదలాలి?

గురజాల నుండి ఒక శ్రోత మాకు ఉత్తరం వ్రాసినారు. వారి అబ్బాయికి అమెరికాలో ఉద్యోగం. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు రోజూ తెల్లవారుజామున లేచి, ఫోను ముందు పెట్టుకొని, "వీణ్ణి వదిలేస్తాను, వాణ్ణి తీసుకొంటాను" అని తనలో తాను అనుకొనేవాడట. వదిలేది ఎవరినో, తీసుకొనేది ఎవరినో, ఇందులో డబ్బు పోయే ప్రమాదమున్నదో లేదో చెప్పుమని ఆ తండ్రి అడిగినారు.

ఆ అబ్బాయి ఆడుతున్నది ఫాంటసీ బాస్కెట్ బాల్. మనము ఊహాజట్ల పోటీ అనుకొందాము. పది పన్నెండుమంది స్నేహితులు చేరి, అమెరికాలోని ఎన్.బి.ఏ. పోటీలలో ఆడే నిజమైన ఆటగాళ్ళను తలా పదమూడుమంది చొప్పున పంచుకొంటారు. వీరెవరూ బంతి ముట్టరు. అక్కడ ఆటగాడు బుట్టలో వేసిన బంతులు, పట్టిన బంతులు, తోటివానికి అందించినవి, ఎదుటివాని నుండి లాక్కొన్నవి, చేజార్చుకొన్నవి, ఇవన్నీ లెక్కకట్టి వారం చివర ఎవరి జట్టు మిన్నయో తేలుస్తారు. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన మిత్రులు న్యూయార్కులో బేస్ బాల్ కోసం ఇటువంటి లెక్కల పోటీ నడిపినారు. తరువాత అది తక్కిన ఆటలకూ ప్రాకినది.

జట్టులో స్థానాలు లెక్కకు మించి ఉండవు. కొత్తవాడు కావాలంటే ఉన్నవారిలో ఒకరిని విడవాలి. విడిచినవానిని మరునాడు మరొకరు ఎత్తుకొనిపోవచ్చును. అందువల్ల "కొత్తవాడు మంచివాడా?" అన్న ప్రశ్న చాలదు. "నా జట్టులో అందరికంటె తక్కువవాడైన ఆ పదమూడవవానికంటె, ఇక మిగిలిన వారాలలో, ఇతడు నయమా?" అని అడగాలి. చాలామంది పొరబడేది ఇక్కడనే. వారి కళ్ళు వచ్చేవానిమీద ఉంటాయి, పోయేవానిమీద ఉండవు.

నిన్న రాత్రి ఎవరో అనామకుడు ముప్పది పాయింట్లు చేసినాడని పత్రికలలో చదువుతాము. వెంటనే అతనికోసం ఎగబడతారు. పోయిన ఏడు ధర చూచి ఈ ఏడు పొలమంతా మిరప వేసిన రైతు సంగతి పల్నాటిలో ఎవరికి తెలియదు? దూరంనుండి విసిరే మూడు పాయింట్ల బంతులు నూటికి ముప్పదియారు పడితే అది ఎన్.బి.ఏ.లో సగటు. తొమ్మిదింట ఏడు వేసినవాడు రేపు మళ్ళీ ఏడు వేస్తాడని నమ్మరాదు. చూడవలసినవి నిమిషాలు. ఆట నలుబది యెనిమిది నిమిషాలు. అందులో ఇతడు ఎన్ని ఆడుతున్నాడు? ఆ నిమిషాలు ఎవరివి? అసలువాడు కాలు బెణికి వారం రోజులు కూర్చుంటే వచ్చినవా, లేక ఆ స్థానమే ఇతనిదైనదా?

దీనికి జెరెమీ లిన్ కథ మంచి ఉదాహరణ. 2011 డిసెంబరులో ఇతనిని గోల్డెన్ స్టేట్ జట్టు వదలినది. కొద్ది రోజులకే హ్యూస్టన్ జట్టూ వదలినది. న్యూయార్క్ జట్టు చేర్చుకొని బల్లమీద కూర్చుండబెట్టినది. బంతి నడిపించవలసిన స్థానంలో ఆ జట్టుకు సరియైనవాడు లేడు. 2012 ఫిబ్రవరి 4న న్యూజెర్సీతో ఆటలో లిన్‌ను దింపితే 25 పాయింట్లు చేసినాడు. ఆ ఒక్క రాత్రినే చూచి తీసుకొన్నవారిది జూదమే. కాని తరువాతి ఆటకు అతనిని మొదటి అయిదుగురిలో నిలిపినారు. అప్పుడు తీసుకొన్నవారిది వివేకము. 10వ తేదీన లాస్ ఏంజిలిస్ లేకర్స్‌పై 38 పాయింట్లు వచ్చినవి. న్యూయార్క్ వరుసగా ఏడు ఆటలు గెలిచినది. అయితే అతడు బంతి చేజార్చుకొనేది కూడా ఎక్కువే. 17వ తేదీన ఆ వరుస తెగినప్పుడు ఒక్క ఆటలో తొమ్మిదిసార్లు చేజార్చినాడు. మార్చిలో మోకాలు దెబ్బతిన్నది. ఆ ఏడు అతడు ఆడినవి మొత్తం 35 ఆటలే.

వదలడంలోనూ కొలత అదే. పేరున్నవాడు రెండు వారాలుగా బంతి సరిగా వేయలేకున్నా, నిమిషాలు తగ్గకుంటే ఓపిక పట్టాలి. పాయింట్లు నిలకడగా ఉన్నా నిమిషాలు ముప్పది నుండి పద్దెనిమిదికి దిగినవానిని అనుమానించాలి. ఇక ఆటల సంఖ్య ఒకటి. ఒక జట్టుకు వారంలో నాలుగు ఆటలుంటే మరొక జట్టుకు రెండే ఉండవచ్చును. ఆటకు పన్నెండు చేసేవానికి నాలుగింట నలుబది యెనిమిది, ఇరువది చేసేవానికి రెండింట నలుబదియే. అయితే చేజార్చుకొన్నవీ ఆటలతోపాటే పెరుగుతాయి.

డబ్బు సంగతి. స్నేహితులు ఊరక ఆడుకొనే ఈ పోటీలో పోయేది నిద్ర మాత్రమే. పందెం కాస్తే వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి జూద చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించినారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసినది. డబ్బు కట్టి ఆడే ఊహాజట్ల పోటీలనూ అది వదలలేదు. కోడిపోరులో ఓడి బ్రహ్మనాయుని పక్షంవారు మాచర్ల విడిచి ఏడేండ్లు వలసపోయినారన్న కథ విన్న సీమకు పందెం గురించి మేము వేరే చెప్పనక్కరలేదు.

గురజాల శ్రోతగారు ఈసారి అబ్బాయి ఫోను చేసినప్పుడు, "నీవు తీసుకొన్నవాడు ఆటకు ఎన్ని నిమిషాలు ఆడుతున్నాడురా?" అని అడిగి చూడవచ్చును.