కాన్పున కలుగు చినుగు

తొలి కాన్పున శిశువు తల వెలువడునప్పుడు యోనికిని మలద్వారమునకును నడుమ చర్మము, కండ కొంత చినుగుట సామాన్యము. వైద్యులు దీనిని నాలుగు తరగతులుగా గణింతురు. మొదటిది చర్మమునకే పరిమితము. రెండవది కండను చేరును. మూడవది మలమును ఆపు కండరమును తాకును; నాలుగవది పేగు లోపలిపొరను సైతము చీల్చును. ఈ కడపటి రెండింటిని కాన్పైన వెంటనే కనిపెట్టి ఆపరేషను గదిలో కుట్టవలెను. లేకున్న మలము, వాయువు అదుపు తప్పవచ్చును. సిగ్గుచే తల్లి ఆ మాట ఏండ్ల తరబడి దాచుకొనును.

తల వెలువడువేళ నర్సు గోరువెచ్చని తడిగుడ్డను అచట అదిమి ఉంచినచో పెద్ద చినుగులు తగ్గును. అందరికిని కోతపెట్టు అలవాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వలదన్నది.

మన గుత్తి ప్రాంతమున బాలింతకు నీరు కొలిచి ఇచ్చు పెద్దలు ఇంకను కలరు. ఇది కరవు నేర్పిన పొదుపు కాదు, పథ్యమను నమ్మకము. నీరు చాలనిచో మలము గట్టిపడి కుట్లు నొచ్చును. దప్పికకొలది త్రాగనిండని మేము గట్టిగా చెప్పుచున్నాము. కుట్లు మానినను అదుపు లేకున్న, ఆరు వారముల పరీక్షనాడు డాక్టరమ్మకు దాచక చెప్పవలెను.