ఉక్కపోతలో పొడుగు చేతుల చొక్కా: అపోహలు – వాస్తవాలు

మే నెలలో విశాఖలోని సింహాచలం కొండ దిగి అడవివరం చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అలాంటి ఉక్కలోనూ ఇంటర్ చదివే పిల్ల మణికట్టు దాకా చేతులున్న చొక్కా వదలడం లేదంటే, గంటల తరబడి గది గడియ తీయడం లేదంటే, ఇంట్లోవాళ్లు కాస్త గమనించాలి. చేతి మీద తానే చేసుకున్న గాయాలను దాస్తూ ఉండవచ్చు. తమను తాము గాయపరచుకోవడం ఎక్కువగా 12–14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే టీనేజర్లలో దాదాపు 17 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఇలా చేసుకున్నవారే. వీరిలో మగపిల్లలూ ఉన్నారు.

అపోహ: నలుగురి కళ్లలో పడాలని ఆడే నాటకం.

వాస్తవం: నాటకమైతే దాచుకోరు. చాలామంది నెలల తరబడి ఎవరికీ తెలియనివ్వరు. భరించలేని దిగులో, కోపమో, తమ మీద తమకే కలిగే ఏవగింపో కాసేపు తగ్గుతుందని ఆ పని చేస్తారు. ఆ ఊరట ఎంతోసేపు ఉండదు. సిగ్గు మిగులుతుంది, అది మళ్లీ అక్కడికే నెడుతుంది.

అపోహ: చావాలని కాదుగా, కంగారెందుకు?

వాస్తవం: చాలామందికి ఆ క్షణంలో చావాలని ఉండదు, నిజమే. కానీ ముందుముందు ఆత్మహత్య ముప్పు వీరికి మిగతావారికన్నా ఎక్కువ.

అపోహ: అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టే.

వాస్తవం: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగినా ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. తేడా అంతా అడిగే తీరులోనే. స్టీల్‌ప్లాంటులో బి షిఫ్టు ముగించుకుని రాత్రి ఇల్లు చేరిన తండ్రి "నీకేం తక్కువ చేశాం?" అంటే సంభాషణ అక్కడితో సరి. "నీ చెయ్యి చూశానమ్మా. తిట్టనులే. అంత కష్టం ఏమొచ్చిందో నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు, వింటాను" అంటే ఆ రాత్రి కాకపోయినా మర్నాడైనా నోరు విప్పవచ్చు.

అపోహ: ఒట్టు వేయిస్తే మానేస్తారు.

వాస్తవం: "సింహాచలం అప్పన్న మీద ఒట్టు, ఇంకెప్పుడూ చేయను" అన్న పిల్ల వారం తిరక్కుండా ఆగలేకపోతే, ఉన్న బాధకు పాపభయం తోడవుతుంది. ఈసారి ఇంకా జాగ్రత్తగా దాస్తుంది. దిష్టి తీయడం, మొక్కుకోవడం ఎవరి నమ్మకం వారిది. వాటి పేరు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకూడదు. పదునైన వస్తువులు, మాత్రలు తాళం వేసి ఉంచడం, మనసు బాగోనప్పుడు ఎవరిని పిలవాలో పిల్లతో కూర్చుని ముందే అనుకోవడం ఒట్టుకన్నా నయం.

అపోహ: వాల్తేరు ఆసుపత్రికి వెళ్తే పిచ్చి ముద్ర, పైగా పోలీసు కేసు.

వాస్తవం: ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు దిగులు, ఆందోళనలతోనూ వెళ్లవచ్చు. ఇక కేసు భయం. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యాయత్నం చేసినవారినే తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూసి సాయం అందించమంటుంది. ముద్ర మాటకొస్తే, ఇలాంటివారి చికిత్సకు దారి చూపిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లినెహాన్ కూడా టీనేజీలో తనను తాను గాయపరచుకుని ఆసుపత్రిలో ఉన్నట్టు 2011లో బహిరంగంగా చెప్పారు. ఉద్వేగాలను తట్టుకునే మెళకువలు నేర్పే ఆమె డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ టీనేజర్లకూ మేలు చేస్తోంది.

అపోహ: ఇది ఇంటి గుట్టు, కాలేజీకేం పని?

వాస్తవం: 2023 జూలైలో విశాఖ హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టాలి. గాయపరచుకునే పిల్లలతో ఎలా మెలగాలో సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలి. ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌ను అడగవచ్చు.

2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ, తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. ఏం చేయాలో తోచని అమ్మానాన్నలూ ఫోన్ చేయవచ్చు. గాయం లోతుగా ఉన్నా, పిల్ల మాత్రలు మింగినట్టు అనుమానం వచ్చినా 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎందుకు చేశావన్న నిలదీత అంబులెన్సులో వద్దు.