లారీల దారి వేరు, సైకిలు దారి వేరు

చిలమత్తూరు మీదుగా ఇప్పుడు రెండు రకముల సైకిళ్ళు పోతున్నాయి. మొదటిది మన సైకిలు. క్యారియరు మీద పచ్చిగడ్డి మోపో, పాల క్యానో, బడి సంచియో కట్టుకొని పోయే సైకిలు. రెండవది శని, ఆదివారములలో బెంగుళూరు నుండి వచ్చే సైకిలు. సన్నని టైర్లు, వంగిన హ్యాండిలు, తొక్కేవారి తల మీద హెల్మెట్టు. బెంగుళూరు నుండి లేపాక్షికి సుమారు 120 కిలోమీటర్లు. అంత దూరము తొక్కి వచ్చి, టీకొట్టు దగ్గర చెమట తుడుచుకొనే ఆ యువకులను చూచి మన పెద్దలు, "ఏం నాయనా, కార్లు కొనే స్తోమత ఉండి సైకిలేల తొక్కుతాండారు?" అని అడుగుతుంటారు. వారు చెప్పే జవాబు ఒకటే: ఇంత నెమ్మదిగల దారి మా పట్నములో లేదు.

ప్రియ పాఠకులారా, ఈ మాటను మనము ఊరకే విని వదలరాదు. వారు అంత దూరము నుండి వెదకుకొంటూ వచ్చేది మన గుమ్మము ముందే ఉన్నది. అయితే మనవారేమో కొంచెము దగ్గరని, తారు నున్నగా ఉన్నదని, సైకిలును తీసికొని పెద్దరోడ్డు ఎక్కుతున్నారు. నెమ్మదిగల దారి ఎంత విలువైనదో, దానిని ఎట్లు ఎంచుకోవాలో, ఎట్లు నిలుపుకోవాలో ఈ వ్యాసములో చెప్పదలచాము.

పెద్దరోడ్డు సంగతి

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మనకు తగిలేది 44వ జాతీయ రహదారి. 2010కి ముందు దానిని 7వ నంబరు రోడ్డు అనేవారము. ఇప్పుడది శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు 3,700 కిలోమీటర్లకు పైగా సాగుతున్నది. 2017లో జి.ఎస్.టి. వచ్చిన తరువాత అమ్మకపు పన్ను తనిఖీలు పోయినవి. చెక్‌పోస్టు అనే పేరు మాత్రము ఊరికి మిగిలినది. ఆ రోడ్డు వేసినది దూరపు సరుకును వేగముగా చేర్చుట కొరకు. సైకిలును తలచుకొని వేసినది కాదు.

మన దేశములో జాతీయ రహదారులు మొత్తము రోడ్ల పొడవులో సుమారు నూటికి రెండు వంతులే. అయితే 2022లో రోడ్డు ప్రమాదములలో చనిపోయినవారిలో నూటికి 36 మంది వాటి మీదనే చనిపోయారు. ఆ యేడు దేశములో రోడ్ల మీద పోయిన ప్రాణములు 1,68,491. అందులో సైకిలు తొక్కేవారు నాలుగు వేలకు పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది పనికి పోయేవారు, పాలు పోసి వచ్చేవారు, బడి పిల్లలు. సరదాకు తొక్కేవారు కొద్దిమందే.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. బండి వేగము రెట్టింపైతే అది తగిలే దెబ్బ బలము నాలుగింతలవుతుంది. పెద్ద లారీ పక్కనుండి దూసుకొని పోతే ఆ గాలికే సైకిలు ఊగిపోతుంది. ఇవి చాలవన్నట్లు, అవతల మలుపు దాకా పోయి తిరిగి రావడము దూరమని, మనవారు ఎదురు దిక్కున తొక్కుకొంటూ వస్తారు. ఎదురుగా వచ్చే బండి వేగము, మన వేగము రెండూ కలిసి మీదికి వస్తాయి. ఆ ఒక్క కిలోమీటరు ఆదా కోసము ఇంటి పెద్దదిక్కును పోగొట్టుకొన్న కుటుంబముల యొద్దకు మేము వెళ్ళి కూర్చున్నాము. అక్కడ చెప్పుటకు మాటలుండవు.

ఫ్రాన్సు పల్లెలలో

సైకిలు దారుల మాట వస్తే లోకమంతా ఫ్రాన్సు దేశము వైపు చూస్తుంది. అక్కడ పది లక్షల కిలోమీటర్లకు పైగా రోడ్లున్నవి. వాటిలో జిల్లా రోడ్లను 'డి' అనే అక్షరముతో గుర్తిస్తారు. లారీలు, వేగముగా పోయే కార్లు చాలామట్టుకు పెద్ద రహదారుల మీద పోతాయి గనుక, ద్రాక్షతోటల నడుమ, గోధుమ పొలముల నడుమ పోయే చిన్న 'డి' రోడ్లు సైకిళ్ళకు మిగిలినవి. పటములలో వాటిని వేరు రంగుతో చూపుతారు. ప్రయాణీకుడు బయలుదేరక ముందే ఏ దారిలో రద్దీ ఉండదో చూచుకొంటాడు.

ఆ దేశమువారు పాత ఆస్తిని పారవేయలేదు. 1997లో బర్గండీ ప్రాంతమున జివ్రీ, క్లూనీ అనే ఊళ్ళ మధ్య రైళ్ళు ఆగిపోయిన పాత రైలుకట్టను సుమారు 44 కిలోమీటర్ల సైకిలు బాటగా మార్చారు. రైలుకట్ట గనుక ఎత్తుపల్లములు తక్కువ, ముసలివారు కూడా తొక్కగలరు. లువార్ నది వెంబడి సుమారు 900 కిలోమీటర్ల సైకిలు దారిని ఏర్పరచారు. 1681లో పూర్తియైన మిదీ కాలువ గట్టు మీద, ఒకప్పుడు గుర్రములు పడవలను లాగిన బాట వెంట, ఇప్పుడు సైకిళ్ళు పోతున్నాయి. ఆ గట్టుకు నీడనిచ్చే ప్లేన్ చెట్లు సుమారు 42 వేలు. 2006లో వాటికి ఒక బూజు తెగులు కనబడినది. వేలాది చెట్లను కొట్టివేయవలసి వచ్చినది. అయినను వారు ఊరకుండక, కొట్టిన చోటనే వేరే జాతి మొక్కలు నాటుతూ వస్తున్నారు. చెట్టులేని దారి సగము దారి అని వారికి తెలుసు.

చట్టము కూడా అక్కడ సైకిలు పక్షమున నిలుస్తుంది. ఊరి వెలుపల సైకిలును దాటే కారు మీటరున్నర ఎడము ఇచ్చి దాటవలెను. అంటే మన లెక్కలో దాదాపు ఒక బారెడు. 2008 నుండి, రాత్రివేళ ఊరి వెలుపల సైకిలు తొక్కేవాడు వెలుగు పడితే మెరిసే చొక్కా తొడుగుకొనవలెను. బాధ్యత ఇద్దరి మీదా పెట్టారు.

సెంత్ ఎతియెన్ పట్టణములో నివసించిన పాల్ ద వివీ (1853-1930) అనే పెద్దమనిషిని అక్కడి సైకిలువారు ఇప్పటికీ గురువుగా తలుస్తారు. ఆకలి కాకముందే కొంచెము తినుము, దప్పి కాకముందే నీళ్ళు త్రాగుము, గొప్ప కొరకు తొక్కవద్దు అని ఆయన నేర్పేవాడు. అనంతపురం ఎండలకు ఈ బోధ ఎంత చక్కగా అతుకుతుందో చూడండి.

మన చుట్టుపట్ల దారులు

మనది సముద్రమట్టమునకు 600 మీటర్ల పైనున్న మెట్ట. వాన తక్కువే గాని ఉదయపు గాలి చల్లన. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వలన, ఒకప్పుడు బండిబాటలుగా ఉన్న అనేక దారులకు తారు పడినది. ఇవే మన 'డి' రోడ్లు.

చిలమత్తూరు నుండి పడమరగా లేపాక్షి దారి. నెమ్మదిగా తొక్కితే గంట ప్రయాణము. గుండ్రాళ్ళ గుట్టలు, వేరుశనగ చేలు, అక్కడక్కడ మల్బరీ తోటలు, చింతచెట్లు. విజయనగర రాజుల కాలపు రాతిపనిని, ఒకే రాతిలో 27 అడుగుల పొడవున చెక్కిన బసవన్నను చూచుటకు కార్లలో వచ్చేవారు పొద్దెక్కిన తరువాతనే ఎక్కువ. 2022లో ఆ కట్టడము యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది గనుక వచ్చేవారు ఇంకా పెరుగుతారు. కాబట్టి ఆ దారిలో తెల్లవారుజామున బయలుదేరి తొమ్మిదిలోపు తిరిగి రావలెను.

జూన్ నుండి ఆగస్టు వరకు పడమటి గాలి బలముగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టినది ఈ గాలిని నమ్ముకొనే. ఆ నెలలలో లేపాక్షి వైపు పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. బలమున్నప్పుడే కష్టపు దిక్కు తొక్కివేయుట మంచిది. అలసిన తరువాత గాలియే ఇంటికి తోస్తుంది.

మరియొక దారి మన మండలములోని వీరాపురము దారి. ఏటా జనవరి ప్రాంతములో పెద్ద పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు గల కొంగలు వచ్చి, ఇండ్ల నడుమనున్న చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని పోతాయి. జనులు వాటిని సైబీరియా కొంగలంటారు గాని, అవి మన దేశపు పక్షులే. ఆ ఊరివారు వాటిని కొట్టరు, కొట్టనీయరు. చెరువులలో నీళ్ళుండి చేపలుంటేనే అవి నిలుస్తాయి. హారను మోగించే బండి కంటె చప్పుడు లేని సైకిలే అక్కడికి పోవుటకు తగినది. పిల్లలను ఒకసారి తీసికొని పోండి.

దారిని నిలుపుకొనుట

నెమ్మదిగల దారి దానంతటదే నిలువదు. మనము చేయవలసినవి కొన్ని ఉన్నవి.

మొదటిది, రాగులు, ఉలవల కంకులు తారు మీద పరచి బండ్ల చేత నూర్పించుట మానుకోవలెను. కారు వాటి మీద పోతుంది గాని సైకిలు జారుతుంది. చీకటి పడితే ఆ కుప్పలు, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళు కనబడవు. కళ్ళములు లేని రైతుకు ఇది కష్టమే. ఊరికొక సిమెంటు కళ్ళము కావలెనని గ్రామసభలో అందరము కలిసి అడుగుదము.

రెండవది, రోడ్డు వెడల్పు చేయుటకు చింత, కానుగ, వేప చెట్లు కొట్టినచోట మొక్కలు నాటించుట. నాటిన మొక్కకు రెండు వేసవులు నీరు పోసే బాధ్యత కూడా ఎవరిదో ముందే తేల్చుకోవలెను.

మూడవది, సైకిలు వెనుక ఎర్రని రిఫ్లెక్టరు, పెడళ్ళకు పసుపు రిఫ్లెక్టర్లు, పనిచేసే రెండు బ్రేకులు, ఒక బెల్లు. పల్లేరు కాయలు, కంపముళ్ళు మన దారులకు కొదువ లేదు గనుక పంపు, అతుకు సామాను దగ్గర ఉంచుకోవలెను. ఒక సీసా నీళ్ళు, రెండు వేరుశనగ ఉండలు ఉంటే చాలు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. మీ బిడ్డ బడికి ఏ దారిన పోతున్నదో తలిదండ్రులు స్వయముగా ఒకసారి ఆ దారిన పోయి చూడండి. పెద్దరోడ్డు దాటవలసి వస్తే క్రింది వంతెన ఎక్కడున్నదో చూపండి. పది నిమిషములు ఆలస్యమైనా ఊరి దారినే రమ్మని చెప్పండి. ఆరాధనకు పల్లెల నుండి సైకిళ్ళ మీద వచ్చే కుటుంబములు గల సంఘములలో, యౌవనస్థులు ఒక శనివారము కూడి, ఏ పల్లెకు ఏ దారి క్షేమమో ఒక అట్ట మీద గీసి గోడకు తగిలిస్తే, చిన్నపిల్లలు సహా చదువుకొంటారు. దానికి ఖర్చు ఏమియు లేదు.

పిల్ల ఆలస్యముగా ఇల్లు చేరితే తల్లి కోపపడుతుంది, అన్నము వడ్డిస్తుంది. చేరకపోతే ఆ తల్లికి మనమెవరము ఏమి చెప్పగలము? గనుక పెద్దరోడ్డును లారీలకు వదలి, మన దారిన మనము పోవుదము.