అతుకుల బొంతకు అంచే ఆధారం

జంషెడ్‌పూర్: సంకీర్ణ ప్రభుత్వాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా తెలుగు పత్రికలకు ‘అతుకుల బొంత’ అన్న మాట సిద్ధంగా దొరుకుతుంది. నిలకడ లేనిదన్న నింద అందులో ఇమిడి ఉంది. బొంతపట్ల ఇది కొంత అన్యాయమే. అతుకులు ఎన్ని ఉన్నా, అంచు సరిగ్గా అమరిన బొంత ఏళ్ల తరబడి ఉతుకులకు ఓర్చుకుంటుంది. అంచు ఎంపికలో పొరపాటు జరిగితే మాత్రం ఎంత నేర్పుగా కూర్చిన అతుకులైనా ముడతలు పడి, కొసల నుంచి విడిపోతాయి.

ఈ విషయం చెప్పుకోవడానికి జంషెడ్‌పూర్ తగిన చోటు. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ చుట్టూ పెరిగి, 1919లో జంషెట్‌జీ టాటా పేరును స్వీకరించిన ఈ నగరానికి పశ్చిమ బెంగాల్, ఒడిశా సరిహద్దులు రెండూ చేరువే. ఒకప్పుడు బిహార్‌లో భాగం. ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇక్కడ ఉన్నాయి. పాతచీరలను పొరలుగా పరిచి కుట్టే పనిని బెంగాలీలు కాంథా అంటే, బిహారీలు సుజనీ అంటారు, మనం బొంత అంటాం. మన నిఘంటువుల్లోని ‘కంథ’కూ, బెంగాలీల కాంథాకూ మూలం ఒకే సంస్కృత పదం. చీర అంచును బెంగాలీలో ‘పాడ్’ అంటారు. చెరువు గట్టుకు కూడా అదే మాట. బొంత అంచు చేసే పనిని ఇంతకంటే చక్కగా చెప్పడం కష్టం.

పాత నూలు చీర అంచు ఇందుకు ఎందుకు అనువైనదో నేతలోనే తెలుస్తుంది. అది చీర పొడవునా, అంటే పడుగు దిశలో సాగుతుంది. పేక దిశతో పోలిస్తే పడుగు దిశలో బట్ట తక్కువగా సాగుతుంది. కొత్త బట్ట నుంచి అంచు కత్తిరించేవారు కూడా అడ్డంగా కాక పొడవునా కత్తిరించడం మేలు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు గల బొంత చుట్టుకొలత 24 అడుగులు. అయిదున్నర మీటర్ల చీరకు ఒక పక్క అంచు సుమారు 18 అడుగులే. రెండు పక్కలవీ కలిపితే మూలల మడతలకు పోను ఇంకా మిగులుతుంది.

అసలు చిక్కు కొలతలో ఉంది. అంచుపట్టీని బొంత పక్కన పెట్టి కుట్టుకుంటూ పోయి, మిగిలింది కత్తిరించడం చాలామంది అలవాటు. పని సాగుతుండగా చేతుల్లో నలిగి బొంత పక్కలు కాస్త సాగి ఉంటాయి. పట్టీ కూడా ఆ సాగిన కొలతకే కుదురుకుని అలలు తిరుగుతుంది. కాబట్టి బొంతను నేలపై పరిచి, నడిమి భాగంలో రెండు మూడు చోట్ల కొలిచి, ఎదురెదురు పట్టీలను ఒకే నిడివికి కత్తిరించాలి. ముందు మధ్యబిందువులను, తరువాత కొసలను గుండుసూదులతో కలిపితే, అదనంగా ఉన్న బట్ట పొడవునా సమంగా సర్దుకుంటుంది.

వెడల్పుకు కచ్చితమైన నియమం లేదు. 6 అంగుళాల అతుకులకు 2 నుంచి 3 అంగుళాల అంచు నప్పుతుంది. అతుకుల నిండా పువ్వులుంటే అంచు సాదాగా ఉండటమే మంచిది. ఝార్ఖండ్ సంతాలీ స్త్రీల తెల్లచీరలకు ఉండేలాంటి ఎర్రంచు ఎన్ని రంగులనైనా ఒక కట్టుగా చూపగలదు. అయితే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది, ఎరుపు దిగడం లేదని తేల్చుకున్నాకే కుట్టాలి. జరీ అంచు చూడటానికి ఘనంగా ఉన్నా కప్పుకొనేవారి మెడకు గుచ్చుకుంటుంది. పాలియెస్టర్ అంచు, నూలు అతుకులతో సమానంగా కుంచించుకుపోదు.

మరో సందిగ్ధం జ్ఞాపకానికి సంబంధించినది. అమ్మమ్మ చీర నలిగి జాలీలా మారినా, దాని అంచు గట్టిగానే ఉంటుంది. అరిగిన బట్టను గట్టి అంచుకు నేరుగా కుడితే బలహీనమైనదే చిరుగుతుంది. వెనుక మరో పొర వేసి కుట్టడం ఒక ఉపాయం. కాంథా కుట్టే బెంగాలీ స్త్రీలు మరో దారి పట్టారు: చీర అంచుల నుంచి రంగుదారాలు లాగి, వాటితోనే పాతచీర పొరలపై బొమ్మలు కుట్టారు.

అంచును చివరి పనిగా కాక మొదటి పనిగా చూసేవారూ ఉన్నారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్ది స్త్రీలు తమ ‘కవంది’ బొంతను ఒక మూల నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వస్తారు. ఆఖరి అతుకు నడుమన పడుతుంది. ఆ తరువాత నాలుగు మూలలకూ మడిచిన చిన్న గుడ్డముక్కలను ‘ఫూల’ పేరుతో చేరుస్తారు. అవి లేని బొంత వారి దృష్టిలో ఇంకా పూర్తికానిదే.